పడవ ఎక్కడుంది

లాంబునాన్ దీవి,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

ప్రియమైన సాంతోకి,

హెర్మీ రాస్తున్నది. ఇక్కడ నేనూ, జోయ్‌లిన్, అత్తయ్యా కులాసాగా ఉన్నాం. నీ ఓడ ఏ సముద్రంలో ఉన్నా నువ్వు వేళకు తిని, కాస్త కునుకు తీస్తున్నావనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. ఈ ఉత్తరం బెనిల్దో చేతికిస్తున్నాను. అతను సింగపూర్‌లో మీ ఓడ ఎక్కుతాడట. ఎండుచేపల పొట్లం కూడా ఇచ్చాను. నీ దాకా అందులో సగమైనా చేరితే అతను మంచివాడన్నమాట.

ఫోన్‌లో చెప్పొచ్చుగా అనుకుంటావు. నీ ఫోన్ కలిసినప్పుడల్లా నీ పక్కన నలుగురుంటారు, మాట మధ్యలో తెగిపోతుంది. ఈసారి చెప్పాల్సినది మధ్యలో తెగిపోయే మాట కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి పైన రేకులు మార్పించాం. కొత్త రేకుల మీద వాన పడితే టీవీ వినపడటం లేదని అత్తయ్య గొణుగుతోంది. ఆవిడ మోకాలు అలాగే ఉంది. నువ్వు పంపిన నూనె రోజూ రాస్తున్నాను. "దీని వాసనకి దోమలు పోతున్నాయి గానీ నొప్పి పోవట్లేదే" అంటుంది. జోయ్‌లిన్ లెక్కల్లో గట్టెక్కింది. నువ్వు పంపిన బూట్లు మాత్రం దానికి పట్టలేదు. "నాన్న లెక్కలో నేనింకా చిన్న క్లాసులోనే ఉన్నానమ్మా" అని నవ్వింది. ఆ తర్వాత చూస్తే వేళ్లు ముడుచుకుని ఆ బూట్లు తొడుక్కునే చదువుకుంటోంది. పొడుగైపోయింది సాంతో. నువ్వు వచ్చేసరికి నీ భుజం దాకా వస్తుంది.

ఇక నీ చివరి మాట. "ఫేస్‌బుక్‌లో 'పడవ ఎక్కడుంది' అని పేజీ నడుపుతున్నదెవరో కనుక్కో. అన్నయ్య పరువు తీస్తున్నారు. రేవు తగిలినప్పుడల్లా మనవైపు కుర్రాళ్లు ఫోన్లలో అది చూసుకుని నవ్వుతున్నారు. దమ్ముంటే పేరు పెట్టుకుని రాయమను" అని రాశావు. జవాబు చెబుతాను. దానికి ముందు రోవెనా సంగతి చెప్పాలి.

రోవెనా అంటే మన పక్కింటి అమ్మాయి, వలలు బాగుచేసే అతని పెళ్లాం. ఆ పిల్లకి తొలి కాన్పు. నొప్పులు మొదలైన పొద్దున మంత్రసాని సోలెదాద్ వచ్చి చూసి, "బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, అవతలి గట్టున ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అంది. అంబులెన్స్ పడవ కోసం రేవుకి పరుగెత్తాం. జిల్లా వాళ్లు మన దీవికిచ్చిన ఆ తెల్ల పడవ అక్కడ లేదు. దాని తాళంచెవి మీ అన్నయ్య దగ్గరే ఉంటుంది కదా, ఊరి పెద్ద, కపితాన్ ఆయనే కాబట్టి. ఇసుకతిన్నె మీద ఎవరో కాంట్రాక్టరు పుట్టినరోజు. పంది, బీరు, పాటల మిషన్, చుట్టాలు, అన్నీ ఆ పడవలోనే వెళ్లాయి. బావగారు కూడా వెళ్లారు.

ముసలి బెర్తింగ్ చేపల పడవలో రోవెనాని పడుకోబెట్టాం. అల నీళ్లు మీద పడకుండా నేనూ వాళ్లాయనా టార్పాలిన్ పట్టుకున్నాం. సోలెదాద్ మోకాళ్ల మీద కూర్చుని, "పడవ ఊగనివ్వకు తాతా" అంటే, "సముద్రానికి చెప్పవే తల్లీ" అన్నాడు బెర్తింగ్. ఇసుకతిన్నె దాటుతుంటే తెల్ల పడవ కనపడింది. చేతులూపాం. వాళ్లు కూడా నవ్వుతూ చేతులూపారు. నీళ్ల మీద పాట ఎంత దూరం వస్తుందో నీకు తెలుసు. ఎవరో ప్రేమ పాట అందుకున్నారు. అది వింటూనే రోవెనా కనేసింది. ఆడపిల్ల. సోలెదాద్ చేతుల చలవ, బతికి బట్టకట్టింది. రోవెనాకి మాత్రం రక్తం చాలా పోయింది. ఆసుపత్రిలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. ఇప్పటికీ బిందె ఎత్తితే కళ్లు తిరుగుతున్నాయంటుంది.

ఈ మాట బావగారికి చెప్పాను. ఒకసారి వాళ్ల వాకిట్లో, ఇంకోసారి చర్చి ముందు. రెండుసార్లూ నవ్వి, "పిల్ల బాగుందిగా అమ్మాయ్" అని, చేపలిచ్చి పంపారు.

సాంతో, ఆ పేజీ నాది.

జోయ్‌లిన్‌కి తెలియదు, అత్తయ్యకి తెలియదు. నేనే మొదలుపెట్టాను. రోజుకొక ఫొటో, కింద ఒక్క వాక్యం. ఇవాళ పడవ రేవులో ఉంది. ఇవాళ పడవ ఇసుకతిన్నె దగ్గరుంది. ఇవాళ పడవ సిమెంటు బస్తాలు మోస్తోంది. అంతకుమించి రాయలేదు. మీ అన్నయ్య పేరు ఒక్కసారి కూడా రాయలేదు. మొదట గవ్వలు ఏరే ఆడవాళ్లు చూశారు. తర్వాత వాళ్లే ఫొటోలు తీసి పంపడం మొదలుపెట్టారు. ఆపైన హాంకాంగ్‌లో, దుబాయ్‌లో ఇళ్లల్లో పనిచేసే మన ఆడపిల్లలు చూశారు. "పడవకి ఎండ పడాలని డాక్టరు చెప్పాడేమో, బీచ్‌లోనే పడుకుంటోంది" అని ఒకామె. "పాపం, దాని పుట్టినరోజు ఎప్పుడో కనుక్కోండి" అని ఇంకొకామె. చదివి నేనూ నవ్వాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ నవ్వుల మధ్యలో ఎవరో రాశారు, పడవ లేక రోవెనా బిడ్డ చచ్చిపోయిందని. అంతే. వేలమంది దాన్నే పంచుకున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్లు మీ అన్నయ్యని హంతకుడన్నారు. పక్క గోడకవతల ఆ బిడ్డ ఏడుపు నాకు వినపడుతూనే ఉంది. నా పేజీలోనేమో అది చచ్చిపోయింది.

ఆ మాట తీసేస్తానంటే గవ్వల ఆడవాళ్లే ఒప్పుకోలేదు. "ఇప్పుడిప్పుడే అంటుకుంది హెర్మీ, నువ్వే నీళ్లు పోస్తావా?" అన్నారు. రోవెనా ఒక్కతే, "నా పిల్లని చంపి పడవ తెచ్చుకుంటారా?" అంది. ఆమె ఒళ్లో బిడ్డని ఫొటో తీసి పెట్టాను. బిడ్డ బతికే ఉందనీ, ఆ కబురు అబద్ధమనీ, దాన్ని ముందే చూసి తీసేయకపోవడం నా పొరపాటనీ రాశాను. కింద ఎవరో ఒకరు పూచీ ఉండాలి కదా. అందుకని నా పేరు పెట్టాను, ఇంటిపేరుతో సహా. మీ ఇంటిపేరే. "దమ్ముంటే" అన్న నీ ఉత్తరం ఆ తర్వాత అందింది.

తిట్లు బాగానే తిన్నాను. అమ్ముడుపోయానన్నారు. వాళ్ల ఇంటి కోడలేగా, అందుకే వెనక్కి తగ్గిందన్నారు. అయితే అవతలి గట్టు నుంచి ఆరోగ్య శాఖ డాక్టరమ్మ ఫోన్ చేసింది. పాత ఫొటోలన్నీ తేదీలతో పంపమంది. పంపాను.

మరునాడు మధ్యాహ్నం బావగారు వచ్చారు. ఎప్పుడూ చేపల సంచితో వచ్చే మనిషి, వట్టి చేతులతో వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోకుండా, అరుగు మీద కూలబడ్డారు.

"కాఫీ తాగుతారా బావగారూ?"

"ఇవ్వు. తాగుతుంటే ఫొటో తీసి పెట్టుకో. ఇవాళ కపితాన్ అరుగు మీదున్నాడని రాయి."

కాఫీ ఇచ్చాను.

"ఇంటి మనిషివి. నా మొహాన చెప్పలేకపోయావా?"

"చెప్పాను బావగారూ. రెండుసార్లు. మీరు చేపలిచ్చారు."

ఆయన గ్లాసు అరుగు మీద పెట్టారు. "దుబాయ్ నుంచి మా పెద్దమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ హంతకుడు మీ నాన్నేనా అని అక్కడ అడుగుతున్నారట" అన్నారు.

సాంతో, మన పెళ్లిలో పూలు చల్లిన పిల్ల అది.

"ఆ మాట నేను రాయలేదు. కానీ నా అరుగు మీదే రాశారు. దానికి మీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను" అన్నాను.

"కాళ్లెందుకు. ఆ పేజీ మూసెయ్."

"తాళంచెవి సోలెదాద్‌కి ఇవ్వండి. డీజిల్ పోయించి పడవ రేవులో కట్టించండి. రోజూ అదే ఫొటో పెడతాను. వారం తిరక్కుండా జనానికే విసుగొస్తుంది."

"ఇంతకంటే ఎన్నికల్లో నా మీద నిలబడాల్సింది నువ్వు."

"మీ పదవి నాకెందుకు బావగారూ?"

ఆయన కాఫీ సగంలో వదిలేసి లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "సాంతోకి తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. "వాడికి నేను చెప్పను. నువ్వే చెప్పుకో" అని వెళ్లిపోయారు. కోపంలో కూడా ఆ మర్యాద పాటించారు. అది నీకు చెప్పకుండా దాచడం న్యాయం కాదు.

మూడు వారాల కిందట బాస్కెట్‌బాల్ కోర్టులో ఊరి సభ జరిగింది. డాక్టరమ్మ కూడా వచ్చింది. బావగారు నిలబడి, ఇకపై తాళంచెవి మంత్రసాని దగ్గరుంటుందనీ, రోగులకి తప్ప పడవ కదలదనీ చదివి వినిపించారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, పక్కవాళ్లు కొట్టకపోయేసరికి ఆపేశారు. ఆయన నావైపు చూడలేదు. ఆ సాయంత్రం అత్తయ్య కర్ర పట్టుకుని పెద్దకొడుకింటికి వెళ్లి భోంచేసింది. తిరిగొచ్చి మనింట్లో పడుకుంది. "ఒక కొడుకింట్లో తిన్నాను, ఇంకో కొడుకింట్లో పడుకుంటున్నాను. నన్నెవరూ ఏమీ అడక్కండి" అంది. అప్పటినుంచీ రోజూ అంతే. ఆదివారం భోజనాలకి వాళ్లు రావడం లేదు, మమ్మల్ని పిలవడమూ లేదు. జోయ్‌లిన్ దారిలో పెదనాన్న కనపడితే ఆగి దండం పెడుతుంది. ఆయన దాని తల మీద చెయ్యి వేసి వెళ్లిపోతారు.

నిన్న ఆ పడవలో బెర్తింగ్‌నే తీసుకెళ్లారు, గుండెలో నొప్పని. మందిచ్చి పంపారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. మెత్తటి పరుపు మీద పడుకుంటే సముద్రం మీదున్నట్టే లేదని సణుగుతున్నాడు.

మామయ్య సముద్రంలో పోయాక నిన్ను పెంచింది మీ అన్నయ్యే. తన చదువు మానేసి నిన్ను చదివించారని నాకు తెలుసు. దాన్ని తక్కువ చేసి ఒక్క మాట కూడా నేను అనలేదు, అనను. ఆయన మంచివాడే. ఆ పొద్దున రేవులో పడవ లేదన్నదీ నిజమే. ఆ రెండింట్లో ఒకదాన్ని ఎంచుకోవడం నాకు చేతకాలేదు. నిన్ను ఎంచుకోమని అడగను.

నువ్వు ఆయనకి ఫోన్ చేస్తావు. ఏం మాట్లాడతావో నీ ఇష్టం. నన్ను వెనకేసుకు రావాలని లేదు, తిట్టాలనిపిస్తే తిట్టు. ఇదంతా చదివాక కూడా నాకేమీ తెలియదన్నయ్యా అని మాత్రం అనకు.

ఇట్లు,
నీ కోపానికీ నీ రాకకీ ఒకేలా ఎదురుచూస్తున్న
నీ భార్య,
హెర్మీనియా