నడుము వంచకు బావా

లాల్‌దర్వాజా

ప్రియమైన యశోదకు,

ఫోన్లు బీరువాలో పెట్టించుకునే చదువు ఎక్కడైనా ఉందా? నీ పుణ్యమా అని పెళ్ళయ్యాక మొదటిసారి నీకు ఉత్తరం రాస్తున్నాను. గల్లీలో రాజమణి అత్త రోజూ తగులుకుంటున్నది. "ఇన్నేండ్ల సంది యోగా నేర్పుతనే ఉంది గద, మళ్ల గీ చదువేంది?" అంటుంది. జబ్బున్నవాళ్ళకు యోగా చెప్పాలంటే వేరే చదువు కావాలట, అది లేకుంటే ఆసుపత్రిలో ఉద్యోగం ఇవ్వరట అని చెప్పాను. ఆమెకు అర్థమైనట్టు లేదు.

నా నడుము బాగానే ఉంది. నువ్వు నేర్పిన ముందుకు వంగే ఆసనం రోజూ వేస్తున్నాను. పట్టేసినప్పుడు ఇంకాస్త గట్టిగా వంగుతున్నాను. జల్‌పల్లి నుంచి పత్తర్‌గట్టి హోటళ్ళకు పాలు వేయడం ఆపలేదు. మొన్న ఒక తమాషా. బండి దిగి చూస్తే కుడికాలికి చెప్పు లేదు. ఎప్పుడు జారిందో తెలియనే లేదు. హోటల్ మాలిక్ ఒకటే నవ్వు. "క్యా వైకుంఠం భాయ్, ఒక్క చెప్పుతోనే తిరుగుతున్నవ్?" అని. ఈ మధ్య బండి మీద కూర్చుంటే దూది మీద కూర్చున్నట్టే ఉంటున్నది. మూత్రానికి పోతే చాలాసేపు నిలబడాల్సి వస్తున్నది. ఎండలకేమో.

ఇక్కడి ఫికర్ పెట్టుకోకు. మంచిగా చదువుకో.

నీ వైకుంఠం


వికారాబాద్ దగ్గర నుంచి

ప్రియమైన బావా,

ఇది అందగానే ఎక్కడున్నవాడివి అక్కడి నుంచే ఆసుపత్రికి వెళ్ళు. నడుము వంచకు. పాల క్యాను ముట్టకు.

మా రంగనాయకి మేడం పోయిన వారమే చెప్పింది. నడుము నొప్పని వచ్చినవాళ్ళ చేత ఏ ఆసనమైనా వేయించేముందు కాలు మొద్దుబారిందా, కూర్చునే చోట స్పర్శ తెలుస్తున్నదా, మూత్రం సరిగా వస్తున్నదా అని అడగాలట. "ఒక్కటి తేడా ఉన్నా నడుములో నరం నలుగుతున్నట్టే, అక్కడ మీరు టీచర్లు కారు, అంబులెన్స్‌కు ఫోన్ చేసే మనుషులు" అన్నది. నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి బావా. నువ్వు తమాషా అని రాశావు.

మేడం ఆఫీసు ఫోను నా చేతికిచ్చింది. నీ ఫోను ఆఫ్‌లో ఉంది. పుష్పమ్మ వదినకు చేస్తే, "నా తమ్ముడు మస్తుగున్నడు. చెప్పు జారితే గింత లొల్లా?" అని పెట్టేసింది. బస్సు సాయంత్రం దాకా లేదు. చేతులు ఊరుకోక ఇది రాస్తున్నాను. దీన్ని పోస్టు డబ్బాలో వేసి బస్టాండుకు పోతాను. ఉత్తరం ముందు చేరుతుందో, నేనే ముందు చేరుతానో దేవుడికే తెలియాలి.

నీ యశోద


జల్‌పల్లి

యశోదకు,

నువ్వే ముందు చేరావు. నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళి నడుముకు ఆపరేషన్ చేయించి, అక్క ఇంట్లో దింపి, పరీక్షలని తిరిగి వెళ్ళిన తరువాత నీ ఉత్తరం దొరికింది. మన గది తలుపు కింద పడి ఉంటే అక్క తెచ్చింది. ఆ పైగది మెట్లు నేను మళ్ళీ ఎప్పుడు ఎక్కుతానో.

పాదం లేవడం లేదు. మంచం మీద కూర్చుని బొటనవేలిని కదలమంటాను. అది వేరేవాళ్ళ వేలులా చూస్తుంది. "మొత్తం వస్తదని చెప్పలేను" అన్నాడు డాక్టర్. హోటళ్ళవాళ్ళు వేరేవాళ్ళ దగ్గర పాలు పోయించుకుంటున్నారు. అక్క పొద్దున లేపి గోడ దాకా నడిపిస్తుంది. నలభై ఏళ్ళు కూడా లేవు నాకు.

ఒక్కమాట అంటాను. నువ్వున్న ఆ రోజుల్లో నీ చేతులు పట్టుకుని ఏడ్చాను, ఏదన్నా ఒక ఆసనం వేయించు అని. "డాక్టర్ చెప్పేదాకా ముట్టను బావా" అన్నావు. ఊళ్ళో అందరి నడుములూ సరిచేసేదానివి. ఈ చదువు నిన్ను పిరికిదాన్ని చేసింది. జవాబు రాయకున్నా ఫరవాలేదు.

వైకుంఠం


వికారాబాద్ దగ్గర నుంచి

ప్రియమైన బావా,

రాతపరీక్ష పాసయ్యాను. ప్రాక్టికల్ పోయింది. డాక్టర్ అనుమతితో, మేడం ఎదుట ఒక రోగితో కొన్ని నెలలు పనిచేసి ఆ వివరం రాసివ్వాలి, నేను ఇవ్వలేదు; ఇంకోసారి ఇవ్వొచ్చట. "మీ ఆయన గురించే రాయొచ్చు కదమ్మా" అన్నది మేడం. నీ కష్టాన్ని నా సర్టిఫికెట్‌కు వాడుకోవడానికి మనసు రాలేదు. ఎవరికి నయం చేశావని ఎగ్జామినర్ అడిగితే, "ఎవరికీ లేదు సార్. మా ఆయన పాదమే ఇంకా లేస్తలేదు" అన్నాను.

భయపడ్డాననేది నిజమే. నీకు ఆ ఆసనం నేర్పింది నేనే. మళ్ళీ నా చేతులతో నీకేమన్నా అయితే నేను బతకలేను. పాదం వస్తుందని అబద్ధమూ చెప్పలేను. శనివారం వచ్చేస్తున్నాను. ఇంక చదువు వద్దు, గల్లీలో క్లాసులూ వద్దు. నన్ను ఎవరూ నమ్మి నా ముందు పడుకోకూడదు.

నీ యశోద


జల్‌పల్లి

ప్రియమైన యశోదా,

నీ ఉత్తరం చదివి అక్కను తీసుకుని ఆటోలో డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. "నా భార్య యోగా థెరపీ చదువుతున్నది సార్. ఆమె చేత చేయించుకోవచ్చా?" అని అడిగాను.

ఆయన, "ఆ రోజు నిన్ను పట్టుకొచ్చింది ఆమెనే గదా? ఇంకొంచెం ఆలస్యమైతే బతుకంతా మూత్రం సంచి తగిలించుకునే తిరిగెటోనివి. ఆమెకు చెప్పినం. నీకు చెప్పలేదా?" అన్నాడు.

నువ్వు చెప్పలేదు. నేను పిరికిదానివని రాసినప్పుడు కూడా చెప్పలేదు. ఆటోలో తిరిగి వస్తుంటే అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. 

శ్వాస, పడుకుని చేసేవి, మడమ కదిలించేవి చేయవచ్చట. వంగేవి ఏవీ వద్దట. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఫిజియోథెరపీ మాత్రం ఆపొద్దన్నాడు. కాలు వస్తుందని ఇప్పటికీ అనలేదు. నేనూ అడగలేదు.

శనివారం నువ్వు రాకు. అక్కడే ఉండు. కారు మాట్లాడాము, అక్కా నేనూ నీ దగ్గరికే వస్తున్నాము. దగ్గర్లో ఒక గది చూసిపెట్టు. నన్ను మీ మేడం ముందు పడుకోబెట్టు. అందరినీ అడిగినట్టే నన్నూ అన్నీ అడుగు, ఉన్నదంతా చెప్తాను. పాదం లేస్తే లేచిందని రాయి. లేవకపోతే లేవలేదనే రాయి.

నీ బావ
వైకుంఠం