కంచు చక్రవర్తికి స్నానం వద్దు

మ్యూజియం నాణేల విభాగం రాదోస్తినా గారికి, ప్రభువు పేరిట వందనాలు.

మురికితో ఉన్నవాణ్ణి ఎవరైనా పరలోకం గుమ్మం ఎక్కిస్తారా? డాన్యూబ్ నది పక్కనున్న మా ఊళ్లో, ప్రార్థనా మందిరం పెరట్లో బాప్తిస్మపు తొట్టి తవ్వుతుంటే రోమా చక్రవర్తుల కంచు నాణేలు పారకు తగిలాయి. చట్టప్రకారం తవ్వకం ఆపాం. నాణేలు కిలుముపట్టి ఉన్నాయి. మా సోదరీమణులు వెనిగర్‌తో తోమి పంపుతారు. తిరిగి తవ్వడానికి అనుమతి త్వరగా ఇవ్వండి. నెదెల్యా అవ్వకు తొంభై దగ్గర పడ్డాయి, గుండె జబ్బు. బాప్తిస్మం కోసమే ప్రాణం బిగబట్టుకుని ఉంది.

సువార్త సేవకుడు, త్సాన్కో

తా.క. ఒక చక్రవర్తి ముక్కు అచ్చం మా మేయరుది. ఆయనకింకా చెప్పలేదు.

*

త్సాన్కో గారికి నమస్కారం.

దయచేసి తోమకండి. ఆ కిలుమే కంచుకు చర్మం. అది ఊడితే బొమ్మా అక్షరాలూ దానితోనే పోతాయి. గుంట ఫొటో పంపండి. అంతవరకు పార ముట్టవద్దు.

రాదోస్తినా

తా.క. చెప్పుకోదగ్గ ముక్కంటే అది కాన్‌స్టంటైన్‌దే అయ్యుంటుంది. మేయరు గారు సంతోషిస్తారు.

*

అమ్మా రాదోస్తినా,

కడగవద్దనడానికి మీకు నోరెలా వచ్చింది? బైబిల్లో నయమాను కుష్ఠుతో వస్తే ప్రవక్త యొర్దాను నదిలో మునగమన్నాడా, చర్మం జాగ్రత్త అన్నాడా? పసిపిల్లలకే బాప్తిస్మమిచ్చి చేతులు దులుపుకునే మా ఊరి ఫాదరుగారే మీచేత ఇది రాయించారని నా అనుమానం. ఫొటో పంపుతున్నాను, ఆ మురికి మీరే చూడండి.

సత్యం దాచని, త్సాన్కో

తా.క. మీ ఉత్తరం అందేలోపే ఒకదాన్ని తోమేశారు. మేయరు ముక్కు పోయింది, నున్నటి బిళ్ల మిగిలింది. మిగతావి బీరువాలో పెట్టి తాళం వేశాను. మీ మాట విని మాత్రం కాదు.

*

త్సాన్కో గారూ,

ఫాదరుగారెవరో నాకు తెలియదు. మీ ఫొటోలో గుంట అంచున రాతిమెట్లున్నాయి, నీళ్లలోకి దిగే మెట్లు. మీరు తవ్వుతున్నచోట పదహారు వందల ఏళ్ల కిందటే ఎవరో బాప్తిస్మపు తొట్టి కట్టారనుకుంటున్నాను. అభినందనలు. పరిశోధన ముగిసేదాకా పెరడంతా మూసేయాలి.

రాదోస్తినా

తా.క. అవ్వను తొందరపడవద్దనండి. కాన్‌స్టంటైన్ కూడా మరణశయ్య మీదే బాప్తిస్మం పొందాడు.

*

అమ్మా,

మీ ఉత్తరం సభలో చదివాను. మెట్ల సంగతికి అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. తా.క. వినగానే అవ్వ లేచింది. “చక్రవర్తికి మంచం దగ్గరికే నీళ్లు మోసేవాళ్లున్నారు. నాకెవరు మోస్తార్రా?” అని కర్ర పట్టుకుని డాన్యూబ్ ఒడ్డుకు నడిచింది. నది చల్లన, లోతు, తొట్టి అయితేనే క్షేమమని బైబిలు వాక్యం మీద వాక్యం వినిపించాను.

“నీకు నీళ్లంటే భయమనేగా తొట్టి తవ్వించావు, ఊరందరికీ తెలుసు. నేనీ నదిలో ఈదుతూ పెరిగినదాన్ని. నీ చెయ్యి నేను పట్టుకుంటాలే, పద” అంది.

ఇప్పుడు జోళ్లు విప్పి ఒడ్డున కూర్చుంది. ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మెట్లు ఎక్కడికీ పోవు, అవ్వ మాత్రం ఆగదు.

వణుకుతున్న మీ సోదరుడు, త్సాన్కో

తా.క. గట్టి తాడొకటి తీసుకురండి. అవ్వకు కాదు. ఆ బస్సే తిరిగి ఇటు వస్తుంది; రేపనకండి, ఈరోజే ఎక్కేయండి.