కార్ఖానా అంటే ఫ్యాక్టరీ కాదు

సికింద్రాబాద్

వీరయ్య మామకు నమస్కారాలు.

నువ్వున్న దేశంతో మనకు మళ్లీ సఖ్యత కుదిరిందనీ, అక్కడ మూతపడిన మన రాయబార కార్యాలయం తెరిచి పాస్‌పోర్టులు ఇస్తున్నారనీ పేపర్లో చదివి అమ్మకు వినిపించాను. పాస్‌పోర్టు గడువు తీరి నువ్వు అక్కడే చిక్కుకున్నప్పటి నుంచీ, అమ్మ నీ రాఖీని నీ సైకిల్ హ్యాండిల్‌కు కడుతోంది. నన్ను ముందు కూర్చోబెట్టుకొని బడికి దింపిన సైకిలే. "ఈసారి ఇనుముకు కట్ట, వాని చేతికే కడ్త" అంటోంది.

కిందటిసారి నీ పాస్‌పోర్టు దరఖాస్తులో ఏజెంటు మన బస్తీ పేరు కార్ఖానాను ఇంగ్లీషులో ఫ్యాక్టరీ అని రాస్తే, "మా తమ్ముడు మిషిన్లల్ల పుట్టిండా ఏందీ?" అని అమ్మ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది. ఈసారి చిరునామాలో కార్ఖానా అనే రాయించు మామా. నువ్వు రావాల్సింది ఇంటికి.

నీ మేనకోడలు