ఎర్ర అట్ట వేసిన షరతులు

అన్నయ్యకు,

ఇంత పొడుగు ఉత్తరం నీకెన్నడూ రాయలేదు. నింపాదిగా చదువు. మధ్యలో కోప్పడకు.

పద్నాలుగు నెలల కిందట నా బైండింగ్ షాపుకి కటింగ్ మెషీను కొన్నాను కదా. దాచుకున్న డబ్బుతో కొన్నానని నీ దగ్గర గొప్పలు పోయాను. అబద్ధం. క్రెడిట్ కార్డు మీద కొన్నాను, ఎనభై వేలు. బిల్లులో "కనీస మొత్తం" అని ఉంటుంది, ఇంచుమించు నాలుగు వేలు. అదే నెల వాయిదా అనుకున్నాను. ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. జిగురూ గుడ్డా కూడా ఆ కార్డు మీదే తెచ్చేదాన్ని. బ్యాంకువాళ్ళు నా పరిమితి పెంచితే, బడిలో ప్రైజు వచ్చినంత సంబరపడ్డాను!

మొన్న ఊరికే కుతూహలం పుట్టింది, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో చూద్దామని. కట్టింది యాభై ఆరు వేలు. మిగిలింది డెబ్బై ఎనిమిది వేలు! కూడిక తప్పిందేమోనని మూడుసార్లు చేశాను. మరి కట్టిందంతా ఎక్కడికి పోయినట్టు? ఏదైనా బుర్రలో దూరితే నాకు అన్నం సయించదని నీకు తెలుసుగా. బ్యాంకుకి ఫోను చేసి అడిగాను. "షరతుల పుస్తకంలో ఉందండీ, చదవలేదా?" అంది ఆ అమ్మాయి.

ఆ పుస్తకం నా అలమరలోనే ఉంది. నవ్వకు. కార్డుతో పాటు వచ్చినప్పుడు పిన్నులూడి కాగితాలు వేలాడుతుంటే చూడలేక, విప్పి, దారంతో కుట్టి, ఎర్ర గుడ్డ అట్ట వేశాను. చదవలేదు. షాపుకొచ్చే పుస్తకాలు మాత్రం ఎన్ని చదివాను గనక!

ఈసారి చదివాను. పదకొండో పేజీలో ఉంది. మొత్తం కట్టకపోతే మిగిలినదాని మీద నెలకు వందకు మూడున్నర వడ్డీ. పాత బాకీ ఉండగా కొత్తగా ఏం కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ. గడువులోపు బిల్లంతా కట్టేవాళ్ళకు అసలు వడ్డీయే లేదట! ఒకే కార్డు, చూశావా? ఏడుపూ వచ్చింది, ఆశ్చర్యమూ వేసింది.

శుక్రవారం మెషీను అమ్మేస్తున్నాను. యాభై వేలిస్తామన్నారు. షాపు మూసేసి ఎక్కడైనా పనికి కుదురుకుంటాను. నీకు మొహం చూపించలేక రాస్తున్నాను.

నీ చెల్లెలు,
బుజ్జి


బుజ్జీ,

నువ్వు రాసింది మీ అన్నయ్యకే, కవరు చించింది మాత్రం మీ వదిన. ఆయన డ్యూటీ మీద బస్సు తీసుకుని నిన్ననగా వెళ్ళారు, సాయంత్రానికి గానీ రారు. అది అంత లావుగా ఉంటే ఆగలేకపోయాను. తిట్టుకుంటే తిట్టుకో.

మెషీను అమ్మావంటే ఊరుకోను. యాభై వేలు పోగా ఇంకా ఇరవై ఎనిమిది వేలుంటాయి. షాపు మూసుకుని అవి దేంతో కడతావే, పిచ్చిదానా? మా ఆసుపత్రి ఉద్యోగుల సంఘంలో అప్పు తీసుకుంటే ఏడాదికి వందకు తొమ్మిదే వడ్డీ. పొద్దున్నే దరఖాస్తు పెట్టాను. ఆ డబ్బు రాగానే పంపుతాను, కార్డు బాకీ ఒక్కసారే తీర్చెయ్. ఆ నాలుగు వేలూ నెలనెలా నాకు పంపు, రెండేళ్ళు తిరక్కుండా తీరిపోతుంది. ఆ తర్వాత కార్డు వాడుకో, చేతిలో డబ్బున్నంత మేరకే.

ఇంకో సంగతి. పెళ్ళయిన కొత్తలో నాకూ ఒక కార్డుండేది. నేనూ కనీసమే కట్టుకుంటూ పోయాను. చెప్పడానికి నోరు రాక, మెడలో గొలుసు అమ్మి బాకీ తీర్చి, ఎక్కడో పడిపోయిందన్నాను. మీ అన్నయ్య మూడు రోజులు డ్యూటీ మానేసి, బీరువాలు జరిపి, వీధంతా వెతికారు పాపం. నేనూ ఆయన పక్కనే నడుస్తూ వెతికాను.

ఇవాళ ఆయన రాగానే ముందు ఆ సంగతి చెప్పి, తర్వాతే నీ ఉత్తరం చేతిలో పెడతాను.

మీ వదిన