ఎడమకు గుంజే కత్తి

క్యాంటీన్ మేనేజర్ సీతారామాంజనేయులు గారికి,

బోరబండ నుంచి వచ్చి ప్రతి సోమవారం మీ కత్తులకు సాన పట్టే మనిషిని. మీరు మీటింగ్‌లో ఉన్నారని లోపలికి వదలడం లేదు. అందుకే ఈ కాగితం మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను.

కూరగాయలు కోసే రుక్కమ్మ వేలు తెగిందని, చేతికి నిలకడ లేదని ఆమెను రేపటి నుంచి రావద్దన్నారట. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. పోయిన సోమవారమే ఆమె నాతో, "అన్నా, ఈ కొత్త కత్తి ఎడమకు గుంజుతుంది, జర చూడు" అంది. "కత్తి మంచిగనే ఉంది, నీ చెయ్యే వంకర" అని నవ్వాను. ఆమె మళ్లీ అడగలేదు. గురువారం నాలుగు కుట్లు పడ్డాయి.

ఇవాళ ఆ కత్తి అంచుకు నల్ల స్కెచ్ పెన్ పూసి, రాయి మీద రుద్ది, రంగు ఎక్కడ చెరిగిందో చూశాను. ఫ్యాక్టరీలోనే అంచుకు కుడివైపు వాలు వెడల్పుగా, ఎడమవైపు సన్నగా తీశారు; అందుకే కోసేటప్పుడు ఎడమకు గుంజుతుంది. రెండూ సమానమయ్యేదాకా ఎడమవైపే ఎక్కువ రుద్దాలి. పోయిన సోమవారం ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ నేను ఇటు పదిసార్లు, అటు పదిసార్లు రుద్దాను. పదును పెరిగింది, వంకర అలాగే ఉంది. తప్పు నాది.

అదే పెట్టెలో వచ్చిన కత్తులు ఇంకా ఐదు వంటగదిలో ఉన్నాయి. నేను సరిచేసేదాకా ఎవరి చేతికీ ఇవ్వకండి. నా మాట నమ్మకపోతే ఒకదానితో మీరే ముల్లంగి కోసి చూడండి.

ఎడమ చేతి వేళ్లు మాత్రం దూరంగా పెట్టుకోండి.