పిడికెడు బియ్యం

గుణదల,
జూలై 6

ప్రియమైన అక్కకు వందనాలు.

ఫోన్‌లో అయితే మాటామాటా పెరుగుతుంది, అందుకే రాస్తున్నాను. మన ఊరి చర్చి మూసేసి మైలవరం సంఘంలో కలపాలని సంఘాల కమిటీ అనుకుంటోంది. సెక్రటరీని కాబట్టి సంతకం పెట్టాల్సింది నేనే. మనవాళ్లంతా పనులు వెతుక్కుంటూ హైదరాబాదో విజయవాడో చేరిపోయాక చర్చి ఎవరి కోసం?

నన్ను తినేస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. ఎసట్లో పోసే ముందు ప్రతి ఇంట్లో దేవుడికని తీసిపెట్టే పిడికెడు బియ్యం మీ దగ్గర్నుంచి కమిటీకి ఇప్పటికీ బస్తా నిండా వస్తోంది. ఇళ్లకేమో తాళాలు. విప్పి చూస్తే సగం ఉప్పుడు బియ్యం. మన ఊళ్లో అవి తినేదెవరు? చర్చి నిలబెట్టాలని బజారులో చవగ్గా కొని పోస్తున్నావా? దేవుడి దగ్గర కూడా మోసమేనా అక్కా?

నీ తమ్ముడు,
కృపానందం

*

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. అమ్మను పెట్టింది ఆ చర్చి వెనకేనని రాసేటప్పుడు గుర్తు రాలేదా? అక్కడ తాళం పడితే సమాధి మీద గడ్డి పీకే దిక్కు కూడా ఉండదు.

బియ్యం నేను కొనలేదు. ఎవరు వేస్తున్నారో రాస్తే నీకు ఇంకో కోపం వస్తుంది. ఆదివారం వచ్చి నీ కళ్లతోనే చూడు.

అక్క సంపూర్ణమ్మ

*

అక్కకు,

ఇంకో కోపం ఏమిటో తెలిసింది. మన ఇంట్లోంచి పొయ్యి పొగ వస్తోందని మన ఊరి సొలొమోను ఫోన్ చేశాడు. అమ్మ పోయాక నేను తాళం వేసిన ఇల్లది. నన్ను అడక్కుండా ఎవర్ని పెట్టావు? ఆదివారం కమిటీతో వస్తున్నాను. చర్చికొకటి, ఇంటికొకటి, రెండు తాళాలు కొన్నాను.

కృపానందం

*

గుణదల,
సోమవారం

ప్రియమైన అక్కకు,

నిన్న నీతో మాట్లాడకుండానే వచ్చేశాను.

కమిటీవాళ్లను చర్చి దగ్గర దింపి, గొడవ పెట్టుకోవాలనే ఇంటికి వెళ్లాను. అమ్మ పొయ్యి దగ్గర ఎవరో అమ్మాయి ఎసట్లో బియ్యం పోయబోతూ ఆగి, పిడికెడు తీసి అమ్మ డబ్బాలో వేసింది. ఉప్పుడు బియ్యం. వాళ్ల కుటుంబం ఒడిశా నుంచి నాట్లకొచ్చి అక్కడే ఉండిపోయిందట. మా అక్క నేర్పిందా అని అడిగాను.

"లేదండీ, మా అమ్మ కూడా ఇట్టాగే తీసేది," అంది వచ్చీరాని తెలుగులో.

చర్చికి వెళితే కూర్చోడానికి చోటు లేదు. మనవాళ్ల ఇళ్లకు తాళాలు తీయించి ఇన్ని కుటుంబాలను పెట్టావని అప్పుడు తెలిసింది. వాళ్ల పాటలో మాటలు నాకు రావు, రాగం మాత్రం మనదే.

బయటికొచ్చాక కమిటీవాళ్లు వీళ్లు మన ఊరివాళ్లు కారు కదా అన్నారు. "గుణదల సంఘంలో చేరినప్పుడు మనం మాత్రం ఏ ఊరివాళ్లం?" అన్నాను. సంతకం పెట్టలేదు, పెట్టను. పదవి పోతే పోనీ.

నిన్ను మోసం చేశావన్నాను. క్షమించు అక్కా.

అమ్మ డబ్బాకు మూత లేదు, బియ్యానికి పురుగు పడుతుంది. బెంజ్ సర్కిల్ షాపులో తాళాలు రెండూ తిరిగిచ్చేసి, బిగుతైన మూత ఉన్న డబ్బా తీసుకున్నాను. ఆదివారం తెస్తాను.

నీ తమ్ముడు