మంగళవారం ఖాళీ ఉంది

బేర్ సరాయ్, న్యూఢిల్లీ
ఆదివారం

పూజ్యురాలైన అమ్మకు, నీ కొడుకు ఉమాశంకర్ నమస్కరించి రాయునది.

నేను క్షేమమే. అంటే జ్వరం లేదు, కాళ్లూ చేతులూ ఉన్నాయి. నువ్వూ, చెల్లి దీపూ అంతకంటే బాగానే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరసగా చెబుతాను. తిండి, మా సందు చివరి మెస్సులో. రొట్టెలు, నీళ్ల పప్పు. ఆదివారం మాత్రం అన్నం వండుకుంటాను. గదిలో ఒక్కణ్ణే. చుట్టూ అంతా పెద్ద పరీక్షలు రాసే కుర్రాళ్లు. మెట్ల మీద ఎదురైతే "భయ్యా, పానీ ఆయా క్యా?" అంటారు. నీళ్లొచ్చాయా అని. ఏడాదిన్నరలో వాళ్లకీ నాకూ మధ్య నడిచిన సంభాషణ అంతే.

ఉద్యోగం పర్మనెంటు చేశారా అన్నావు. చెయ్యలేదు, చెయ్యరు. ఆసుపత్రి కాంట్రాక్టు కాగితాల్లో నేను గదులు ఊడ్చేవాణ్ణి. నిజానికి గొంతులోంచి కెమెరా గొట్టం దింపి ఊపిరితిత్తులు చూసే గదిలో, డాక్టరు పక్కన నిలబడి సామాను అందించేది నేను. ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకున్నాను. డిప్లొమా వాళ్లు వచ్చి నా దగ్గరే పని నేర్చుకుంటారు, వారం తిరక్కుండా "ఓయ్" అని పిలుస్తారు. కోపం తగ్గించుకోమని రాశావు. కోపం లేకపోతే ఈ ఊళ్లో బస్సు కూడా ఎక్కలేమమ్మా.

మూడు వారాలుగా ఫోను ఎందుకు చెయ్యలేదంటే, నువ్వు స్పీకరు పెడతావు. బడి వంటగదిలో నీతో వండేవాళ్లంతా వింటారు. ఈ మాట వాళ్లు వినేది కాదు.

తెలుగువాళ్లెవరైనా దొరికారా అని కూడా అడిగావు. ఒకావిడ దొరికింది. ఆవిడకి నేనేం చేశానో చెప్పడానికే ఈ ఉత్తరం.

పేరు అన్నపూర్ణేశ్వరి. విజయనగరం. కూతురు కిరణ్మయి గురుగ్రామ్‌లో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. తల్లికి పెద్ద నిమోనియా చేసి మూడు వారాలు వెంటిలేటర్ మీద ఉంచారట. గొంతులోకి దింపిన ఆ మిషను గొట్టం ఒరుసుకున్నచోట శ్వాసనాళం పుండుపడి, మానుతూ మానుతూ ముడుచుకుపోయింది. బొటనవేలు పట్టే దారిలో పెన్సిలు పట్టేంత మిగిలింది. అక్కడ స్టెంటు పెట్టారు. సన్నటి తీగతో బుట్టలా అల్లి, పైన పొర తొడిగిన గొట్టం. లోపలికి పంపి వదిలితే విచ్చుకుని దారి తెరిచి ఉంచుతుంది. ఇది ఎల్లకాలం ఉంచేది కాదు. ఎనిమిది వారాలకి తీసెయ్యాలి. లేకపోతే రెండు కొసల దగ్గరా కండ పెరిగి తీగని కరుచుకుంటుంది.

మొదటిరోజు గొంతులో తిమ్మిరి మందు కొడితే "ఓరి నాయనో, మంట!" అంది. "మంట కాదండీ, రెండు నిమిషాల్లో మొద్దుబారిపోతుంది" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గది తలుపు దాకా వదల్లేదు. రెండు వారాలకోసారి గొట్టం శుభ్రం చేయించుకోడానికి వచ్చేది. అమ్మగారూ అంటే తిట్టి, పిన్నీ అనమంది.

"ఇలా చిక్కిపోయావేట్రా? గాలి కోసం పాట్లు పడేది నేను గదా, నువ్వెందుకు గాలి మేస్తన్నావు?"

"మెస్సు తిండి పిన్నీ."

"ఆ మెస్సువాణ్ణి నా దగ్గరికి తీసుకురా. గొంతు లేకపోయినా తిడతాను."

ఓ చిన్న సీసాలో కందిపొడి తెచ్చింది. మనవడితో మాట్లాడదామంటే వాడు అన్నిటికీ హిందీలో జవాబు చెబుతాడని నాతో చెప్పుకునేది. పావుగంట. రెండు వారాలకి పావుగంట తెలుగు. మిగతా రోజులన్నీ నేను దానికోసమే గడిపేవాణ్ణి. ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది, కానీ నిజం.

ఎనిమిదో వారం డాక్టర్ రాజీవ్ సార్ అన్నారు, "శంకర్, ఆంటీకో మంగల్ కో బులా లో, నికాల్ దేతే హై." మంగళవారం పిలిపించు, తీసేద్దాం అని. మంగళవారం ఖాళీ ఉంది. తెలుగువాళ్లకి తేదీలు చెప్పేది నేనే కాబట్టి కిరణ్మయిగారికి ఫోను చేశాను. మంగళవారం అని చెప్పడానికే చేశాను.

"హమ్మయ్య! తీసేస్తే ఆ వారమే అమ్మని విజయనగరం పంపించేస్తానండీ. టికెట్ చూసేదా?" అంది.

"మూడు వారాల దాకా ఖాళీ లేదండీ" అన్నాను.

అంతే. సార్‌తో, వాళ్లే వాయిదా అడిగారని చెప్పాను. ఆయన విసుక్కుని ఊరుకున్నారు. మూడు వారాలకి ఏమవుతుందిలే, ఏడాది ఉంచుకున్నవాళ్లూ ఉన్నారు అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఏడాది ఉంచేది సిలికాన్ గొట్టం. ఇది తీగ గొట్టం. ఆ తేడా నాకు తెలియదనుకోకు. తెలుసు.

మధ్యలో ఒక శనివారం పిన్ని తనే వచ్చింది. ఊపిరిలో సన్నటి కూత వినపడింది. "ఢిల్లీ పొగ పిన్నీ" అన్నాను. సార్‌కి చూపించకుండా పంపేశాను.

పోయిన గురువారం తీశారు. ఇరవై నిమిషాల పని రెండున్నర గంటలు పట్టింది. ఎర్రటి కండ తీగలోకి దూరిపోయి ఉంది. పట్టకారుతో తిప్పి లాగితే తీగ తెగి ముక్కలుగా వచ్చింది. రక్తం ఆగలేదు. రక్తం ఆపడానికి చల్లటి సెలైను అందించినవి ఈ చేతులే. తెర మీద ఆక్సిజన్ అంకె తొంభై, ఎనభై, డెబ్బై రెండు. దేవుడికి దణ్ణం పెట్టే అర్హత కూడా నాకు లేదనిపించింది.

బతికింది. కానీ దారి మళ్లీ ముడుచుకుంది. ఈసారి సిలికాన్ గొట్టం పెట్టారు. ఏడాది ఉంచాలి, నెలనెలా రావాలి. నేను కోరుకున్నది అదే కదమ్మా.

బయట సార్ "ఇంత ఆలస్యం చెయ్యకూడదు" అని మందలిస్తే కిరణ్మయిగారు గోడకానుకుని ఏడ్చింది. "తప్పు నాదేనండీ. తేదీ కోసం నేనే పోట్లాడాల్సింది" అని నాతోనే అంది. నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

నిన్న మధ్యాహ్నం వార్డుకి వెళ్లాను. పిన్ని ఒక్కతే ఉంది. మాట్లాడకూడదని చేతికి కాగితం, పెన్ను ఇచ్చారు. మొత్తం చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూడలేదు. కాగితం మీద రాసింది. "మా పిల్లకి చెప్పు. అది అన్నం తినడం లేదు."

చెప్పాను. వార్డు బయట కిరణ్మయిగారు చెయ్యెత్తింది, కొట్టలేదు. "మా అమ్మ నీ గురించి ఊళ్లో అందరికీ ఫోన్ చేసి చెప్పింది" అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ తరవాత సార్‌కీ చెప్పాను. ఆయన అరవలేదు. నా చేతికున్న గ్లవ్స్ తియ్యమన్నారు. రేపు విచారణ. ఊడ్చేవాడు తేదీలెలా ఇచ్చాడని అడుగుతారు. నాకు ఆ పని అప్పగించినవాళ్ల పేర్లూ చెబుతాను, నా తప్పూ చెబుతాను. ఒకదాని వెనక ఇంకోటి దాచను.

పని పోతుంది. పోనీ. దీపుతో చెప్పు, దాచకు. నన్ను వెంటనే వచ్చెయ్యమని రాయకు. ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేదాకా నేనిక్కడే ఉంటాను. వార్డులోకి రానివ్వకపోయినా సరే.

జవాబులో ఓదార్పు మాటలు రాయొద్దమ్మా. తిట్టు. కాగితం నిండా తిట్టు. మన మాటలో నన్ను తిట్టే మనిషి ఈ ఊళ్లో ఇక ఒక్కరూ లేరు.

ఇట్లు,
నీకు మూడు వారాలు మొహం చాటేసిన కొడుకు,
ఉమాశంకర్